రెండు ఊళ్ళ కాటన్ దొర

మా అమ్మమ్మ వాళ్ళది కోనసీమ. నాన్న వాళ్ళ ఊరు నంద్యాల దగ్గర. ఒకే బ్యాంకులో ఉద్యోగాలు కావడంతో కుదిరిన పెళ్ళి అది. అందుకే చిన్నప్పటి నుంచీ నా సెలవులు సగం గోదావరి కాలువ గట్టు మీద, సగం కేసీ కెనాల్ గట్టు మీద గడిచాయి. అమ్మమ్మ వాళ్ళ ఊరి సెంటర్లో గుర్రమెక్కిన కాటన్ దొర విగ్రహం ఉంది. తాతయ్య అటు వెళ్ళినప్పుడల్లా చెప్పులు విడిచి దణ్ణం పెట్టేవారు. నాన్న వాళ్ళ ఊళ్ళో అలాంటి విగ్రహం లేదు. కేసీ కెనాల్ కూడా ఆ దొర ఆలోచనే అని అక్కడ ఎవరూ చెప్పుకోగా నేను వినలేదు. నాకు కూడా ఈ మధ్యనే తెలిసింది. తెలిసిన దగ్గర్నుంచీ ఒకటే డౌట్. ఒకే మనిషి ఒక నది దగ్గర దేవుడై, ఇంకో నది దగ్గర పేరు కూడా లేకుండా ఎలా పోయాడు?

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండ్‌లో పుట్టాడు. ఇంటి నిండా అన్నదమ్ములు, ఈయన పదోవాడు. పదిహేనేళ్ళకి ఈస్టిండియా కంపెనీ వాళ్ళ మిలిటరీ స్కూల్లో చేరాడు, పద్దెనిమిదేళ్ళకి మద్రాసులో దిగాడు. అంటే ఇప్పుడు నా వయసు కంటే ఒక ఏడాది చిన్న. నాకు హాస్టల్ నుంచి ఇంటికి వెళ్ళే బస్సే గందరగోళం, ఆయన మాత్రం పాంబన్ దగ్గర సముద్రంలో ఓడల దారి సర్వే చేశాడు, తర్వాత బర్మా యుద్ధానికీ వెళ్ళొచ్చాడు.

ఆయన్ని ఇంజనీర్‌గా మార్చింది కావేరి. అక్కడ సమస్య ఏంటంటే, శ్రీరంగం దగ్గర నది రెండుగా చీలుతుంది. ఒక పాయ కావేరి, ఇంకోటి కొల్లిడం. కొల్లిడం అడుగు పల్లంగా ఉండటంతో ఏటేటా ఎక్కువ నీళ్ళు లాగేసుకుంటోంది, తంజావూరు పొలాలకి వెళ్ళే కావేరి ఇసుకతో పూడిపోతోంది. అక్కడే కింద కల్లణై ఉంది, కరికాల చోళుడు కట్టించాడని చెప్పుకునే పాత ఆనకట్ట. కాటన్ దాన్ని చూసి పాఠం నేర్చుకున్నాడు. గట్టి రాతి నేల దొరక్కపోయినా, వదులు ఇసుక మీద కూడా పెద్ద నదికి అడ్డుకట్ట వేయొచ్చు. రాళ్ళు వేస్తూ పోతే అవి కుంగి కుంగి ఒక చోట నిలబడతాయి, దాని మీద కట్టుకుంటూ పోవాలి. ఇంగ్లండ్ కాలేజీలో చెప్పని ఈ సంగతి మనవాళ్ళ దగ్గర నేర్చుకున్నానని ఆయన దాచుకోలేదు. నాకు ఆయనలో మొదట నచ్చింది ఇదే. 1836 నుంచి 38 మధ్య కొల్లిడం మీద ముక్కొంబు దగ్గర ఎగువ ఆనకట్ట, కింద ఇంకో ఆనకట్ట కట్టాడు. తంజావూరు నిలబడింది.

దాదాపు అదే టైములో మద్రాసు దగ్గర రెడ్ హిల్స్ నుంచి రాయి మోయడానికి ఒక చిన్న రైలు లైను కూడా వేయించాడు, దేశంలో మొట్టమొదటిది. తర్వాత జీవితమంతా రైళ్ళ మీద పోట్లాడిన మనిషి చేసిన పని ఇది!

ఒంట్లో బాగోక సెలవు మీద టాస్మానియా వెళ్ళి, అక్కడ 1841లో ఎలిజబెత్ లియర్‌మంత్‌ని పెళ్ళి చేసుకుని తిరిగొచ్చాడు. వచ్చాక పోస్టింగ్ మన వైపు పడింది.

అప్పటి మన వైపు ఎలా ఉండేదో చదివితే అన్నం సహించదు. 1832-33లో నందన కరువు. జనం డొక్కలు తేలిపోయాయి కాబట్టి డొక్కల కరువు అని కూడా అన్నారు. గుంటూరు ప్రాంతంలో దాదాపు మూడో వంతు మనుషులు పోయారు. 1839లో కోరంగి తుపాను, సముద్రం లోపలికొచ్చి రేవుని ఊడ్చేసింది. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7 లక్షల 38 వేలు, 1841కి 5 లక్షల 61 వేలు. ఇరవై ఏళ్ళలో పెరగాల్సింది తగ్గింది. చచ్చినవాళ్ళు చావగా మిగతావాళ్ళు ఊళ్ళు వదిలిపోయారు. ఇదంతా ఎక్కడ? నాసిక్ దగ్గర పుట్టి 1465 కిలోమీటర్లు వచ్చే గోదావరి ఒడ్డున. దేశంలో గంగ తర్వాత అంత పొడవైన నది లేదు. వరదలో లక్షల క్యూసెక్కులు కళ్ళ ముందే సముద్రంలో కలిసిపోతుంటే పక్క పొలం ఎండిపోయేది. ఇది దేవుడి తప్పు కాదు. పాత చెరువులూ కాలువలూ పూడుతున్నా కంపెనీ వాళ్ళు శిస్తు వసూలు ఆపలేదు, రిపేర్లకి మాత్రం డబ్బు తీయలేదు. కాటన్ కూడా ఆ కంపెనీ జీతగాడే. తాతయ్యకి ఈ మాట చెప్తే కోపం వచ్చేది, నాకు మాత్రం చెప్పకుండా దాటడం ఇష్టం లేదు.

కాటన్ డెల్టా అంతా తిరిగి చూశాడు. డెల్టాలో ఒక విచిత్రం ఉంది. నది తను తెచ్చిన మట్టితో తన గట్టుని తనే ఎత్తు చేసుకుంటుంది. అంటే నది మిట్ట మీద పోతుంది, పొలాలు దూరం వెళ్ళేకొద్దీ పల్లం. కాబట్టి నీటిని కొన్ని అడుగులు లేపితే చాలు, ఎక్కడా తోడక్కర్లేదు, కాలువల్లో దానంతటదే సముద్రం దాకా జారుతుంది. కరెంటు లేని రోజుల్లో భూమి వాలుతోనే నడిచే సిస్టమ్ అన్నమాట. 1844, 45ల్లో రిపోర్టులు రాశాడు. ఎస్టిమేట్ సుమారు 4 లక్షల 75 వేల రూపాయలు. రిపోర్టులో జాలి మాటలతో పాటు లెక్కలు కూడా ఉన్నాయి, పంట పెరిగితే శిస్తు ఎంత పెరుగుతుందో కూడి చూపించాడు. లండన్‌లో కూర్చున్న డైరెక్టర్లకి ఆ భాష అర్థమవుతుందని ఆయనకి తెలుసు. 1846 చివర్లో ఒప్పుకున్నారు.

1847లో పని మొదలైంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి లంకలతో నాలుగు పాయలుగా ఉంటుంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు ముక్కలుగా ఆనకట్ట. అన్నీ కలిపితే సుమారు 12 వేల అడుగులు, ఎత్తు 12 అడుగులే. ఇసుకలో బావులు దించి, వాటి మీద కట్టడం లేపి, దిగువన వరద కొట్టేయకుండా పెద్ద రాళ్ళు పరిచారు. రాయి ధవళేశ్వరం కొండలోదే. పదివేల మంది దాకా కూలీలు పనిచేశారు. అంతమందిని పిలిచి, నిలబెట్టి, పని చేయించిన మనిషి వీణం వీరన్న. మచిలీపట్నం వైపు నుంచి వచ్చిన తెలుగువాడు, కాటన్‌కి కుడి భుజం. ఆయన పేరుతో ఆనకట్ట దగ్గర ఒక శిలాఫలకం ఉంది. విగ్రహాలు ఎన్ని చూశానో లెక్కలేదు గానీ, మా ఊళ్ళో వీరన్న పేరు ఒక్కరి నోట కూడా వినలేదు. ఆ పదివేల మంది పేర్లయితే సరేసరి.

మధ్యలో కాటన్ ఆరోగ్యం మళ్ళీ పాడైతే కెప్టెన్ ఓర్ పని నడిపించాడు. 1852కి ఆనకట్ట అయిపోయింది. ఖర్చు ఎస్టిమేట్ దాటింది, అది మనకేం కొత్త కాదు. కోనసీమలోకి నీళ్ళు వెళ్ళాలంటే వైనతేయ పాయ దాటాలి. దాని మీద గన్నవరం దగ్గర 49 ఆర్చీల అక్విడక్టు కట్టింది హేగ్ అనే కుర్ర ఇంజనీరు. కింద నది, పైన కాలువ. తర్వాత ఓర్ విజయవాడ దగ్గర కృష్ణ మీద కూడా ఆనకట్ట కట్టాడు, 1855లో పూర్తయింది. ఇప్పుడు ధవళేశ్వరంలో కనిపించే 175 గేట్ల బ్యారేజీ కొత్తది, 1970ల్లో మొదలై 80ల్లో పూర్తయింది, దానికి కాటన్ పేరే పెట్టారు. కింద సాగయ్యేది పది లక్షల ఎకరాలు. గోదావరి స్నానం సంకల్పంలో పంతుళ్ళు ఆయన్ని తలుచుకునేవారంటే ఎందుకో అర్థమవుతుంది.

చాలామంది కథ ఇక్కడితో ఆపేస్తారు. నాన్న వాళ్ళ ఊరి కథ ఇక్కడే మొదలవుతుంది.

కాటన్ 1860లో రిటైరయ్యాడు, మరుసటి ఏడాది సర్ బిరుదు వచ్చింది. ఇప్పుడాయన కల మొత్తం దేశం మీదకి పాకింది. నదులన్నిటినీ కాలువలతో కలపాలి, అవే పొలాలకి నీళ్ళివ్వాలి, వాటి మీదే పడవల్లో సరుకు పోవాలి, రైలు కంటే చాలా చవక. తుంగభద్ర మీద సుంకేసుల నుంచి కర్నూలు, కడప మీదుగా పెన్న పట్టుకుని నెల్లూరు దాకా కాలువ వేద్దామని ప్లాన్. లండన్‌లో షేర్లు అమ్మి డబ్బు పోగేసిన కంపెనీ ఒకటి పని ఎత్తుకుంది. కాలువ కడప దగ్గర ఆగిపోయింది. నల్లరేగడిలో జొన్న, పత్తి వేసుకునే రైతులు డబ్బు కట్టి నీళ్ళు తీసుకోవడానికి ముందుకు రాలేదు, ఆ నేలకి ఆ పంటలకి వానే సరిపోయేది. పడవలూ పెద్దగా తిరగలేదు. కంపెనీ మునిగింది, 1882లో ప్రభుత్వం కొనేసింది. ఒరిస్సాలో కూడా అలాగే జరిగింది. పైన గోదావరిలో దుమ్ముగూడెం దగ్గర రాళ్ళు దాటించి పడవలు నడపాలన్న పనిని 1871లో మధ్యలో వదిలేశారు.

నాకనిపించేది, ఆయన డెల్టాని చూసి దేశమంతా డెల్టా అనుకున్నాడు. వాలు దానంతటదే పని చేసిపెట్టే చోట గెలిచిన లెక్క, రాతి నేల మీద తప్పింది. ఒక టెస్ట్ కేసు పాసైతే కోడ్ మొత్తం కరెక్ట్ అనుకుని సబ్మిట్ చేసేసే మా బ్యాచ్‌కి ఈ తప్పు బాగా తెలుసు.

అయితే 1876లో ధాత కరువు వచ్చింది. బళ్ళారి, కర్నూలు, కడపల్లో లక్షల మంది చనిపోయారు. గోదావరి, కృష్ణా డెల్టాలు తిని, పక్క జిల్లాలకి బియ్యం పంపాయి. డెబ్బై దాటిన కాటన్ లండన్‌లో మళ్ళీ లేచాడు, రైళ్ళకి పోసిన డబ్బులో కొంత నీళ్ళకి పెట్టుంటే ఇంతమంది పోయేవాళ్ళు కాదని వాదించాడు. 1878లో పార్లమెంటు ఒక కమిటీ వేసి ఆయన్ని కూర్చోబెట్టి ప్రశ్నలేసింది. నష్టాల కంపెనీల లెక్కలు ఆయన ముందు పెట్టారు. కమిటీ ఆయన మాట ఒప్పుకోలేదు. లెక్కల విషయంలో వాళ్ళు మరీ తప్పేం కాదు, కానీ ఆ లెక్కల్లో చచ్చిపోయినవాళ్ళకి కాలమ్ లేదు. ఆయన తప్పులన్నీ ఒప్పుకుంటూనే, ఈ ఒక్క చోట నేను కాటన్ వైపు.

తర్వాత డార్కింగ్ అనే ఊళ్ళో ఉండిపోయాడు. ఆ వయసులోనూ ఊరుకోకుండా పెరట్లో లోతు దుక్కి చేసి గోధుమ పండించి చూసుకునేవాడు. 1899 జులైలో, 96 ఏళ్ళ వయసులో పోయాడు. కూతురు మరుసటి ఏడాది ఆయన జీవిత చరిత్ర అచ్చు వేయించింది. నదులు కలపడం గురించి మాత్రం మనం ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నాం. 2015లో పట్టిసీమ నుంచి గోదావరి నీళ్ళు కృష్ణలో కలిశాయి.

ఈ సంక్రాంతికి నాన్న వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు మా అబ్బని గట్టు మీద కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను, ఫోన్లో మ్యాప్ తీసి సుంకేసుల నుంచి కడప దాకా గీత చూపించాను. అంతా విన్నాడు. విని, రెండో పంటకి నీళ్ళు ఎప్పుడు వదుల్తారో అందులో ఉందేమో చూడమన్నాడు. చూశాను. లేదు.