కూలికి ఖరీదు కట్టమన్న లేబర్ మెంబర్: అంబేద్కర్ జీవితంలో నాలుగేళ్లు

ఏప్రిల్ 14 వచ్చినా, మే డే వచ్చినా మన ఫోన్లలో ఒక పోస్టర్ తిరుగుతుంది. పద్నాలుగు గంటల పనిదినాన్ని ఎనిమిది గంటలకు తగ్గించింది బాబాసాహెబ్ అంబేద్కరేనని, అది జరిగింది 1942 నవంబరు 27న అని అందులో ఉంటుంది. పంపేవాళ్ల అభిమానాన్ని తప్పుపట్టలేం. లెక్క మాత్రం తప్పు. ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీల్లో రోజుకు 10 గంటలు, వారానికి 54 గంటలు మించకూడదని 1934 ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. ఆ పోస్టర్లో చెప్పే ఏడవ లేబర్ కాన్ఫరెన్స్ జరిగింది 1945 నవంబరులో. చట్టం మారింది 1946లో, వారానికి 48 గంటలకు. మన ప్రత్యర్థులు ఒక తేదీ తప్పు పట్టుకుని మొత్తం కథనే కొట్టిపారేస్తారు. నిజానికి అసలు కథ ఆ పోస్టర్ కంటే చాలా పెద్దది. అది మిల్లు గేటు దగ్గర కాక ఊరి చావడి దగ్గర మొదలవుతుంది.

1891 ఏప్రిల్ 14న మౌలో పుట్టిన భీమ్‌రావు తండ్రి రామ్‌జీ సైన్యంలో సుబేదారు. కుటుంబం బొంబాయి చేరాక పారెల్ మిల్లు కార్మికుల చాళ్లలో బతికింది. విదేశాల్లో చదువుకుని వచ్చాక కూడా చాలా ఏళ్లు అంబేద్కర్ ఉన్నది అక్కడే. పొద్దున్నే మిల్లు కూత వినబడే ఇల్లు. కొలంబియాలో, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఆయన చదివింది అర్థశాస్త్రం. ఈ సంగతి అందరికీ తెలుసు గానీ, ఆ అర్థశాస్త్రంలో కూలివాడు ఎక్కడున్నాడని చూసేవాళ్లు తక్కువ.

1923లో వచ్చిన రూపాయి సమస్య పుస్తకం తీసుకోండి. రూపాయి విలువ తగ్గితే ఎగుమతిదారులకు లాభమని మిల్లు యజమానులు వాదించే కాలం అది. అంబేద్కర్ అడిగిన ప్రశ్న సూటిగా ఉంది: ఆ లాభం ఎవరి జేబులోంచి వస్తోంది? సరుకుల ధరలు పెరిగినంత వేగంగా కూలి పెరగదు. కూలివాడి చేతిలో పడేది అదే రూపాయి, దానితో వచ్చే జొన్నలు మాత్రం తగ్గుతాయి. ఎగుమతిదారుడి లాభంలో పెద్ద భాగం అలా కోత పడిన కూలే అని ఆయన చూపించాడు. జీతం కాగితం మీద ఒక్క అంకె కూడా మారకుండానే యజమానికి కూలి ఖర్చు తగ్గిపోవచ్చునన్న మాట. ద్రవ్యోల్బణం గురించి చదువుకునే విద్యార్థులకు ఇది ఇప్పటికీ పనికొచ్చే పాఠం.

కూలి తగ్గించడానికి కులం కంటే చవకైన సాధనం ఇంకొకటి లేదు. బొంబాయి మిల్లుల్లో నేత ఖాతాలో జీతం ఎక్కువ. అక్కడ కండె మార్చినప్పుడల్లా నూలుపోగును నోటితో పీల్చి షటిల్‌లోంచి లాగాలి. అంటరానివాడి నోరు తగిలిన షటిల్‌ను తాము ముట్టమని సవర్ణ కార్మికులు పట్టుబట్టారు, యజమానులకూ అది అనుకూలించింది. దళితులు తక్కువ జీతపు ఖాతాల్లోనే ఉండిపోయారు. 1928 సమ్మెలో అంబేద్కర్ ఈ విషయమే ముందుకు తెచ్చాడు. నేత ఖాతా తలుపు తెరవాలన్న డిమాండ్‌ను కలపకపోతే మావాళ్లు సమ్మెలో ఎందుకుండాలని అడిగాడు. సమ్మె నాయకులు ఇష్టంగా కాదు గానీ ఒప్పుకున్నారు.

అదే 1928లో బొంబాయి శాసనమండలిలో ఆయన రెండు పనులు చేశాడు. ఒకటి, ఫ్యాక్టరీ స్త్రీలకు ప్రసూతి భత్యం ఇవ్వాలన్న బిల్లును సమర్థించాడు. ఈ ఖర్చు పరిశ్రమ మోయలేదన్న వాదనకు ఆయన జవాబు గమనించదగ్గది. తల్లీబిడ్డల క్షేమం సమాజం మొత్తానికి సంబంధించినది కాబట్టి భారంలో ఎక్కువ భాగం ప్రభుత్వమే మోయాలి, ఆమె శ్రమతో లాభం పొందే యజమాని కూడా వాటా ఇవ్వడం అన్యాయం కాదు అన్నాడు. ఖర్చు ఉండదని ఆయన దబాయించలేదు. దాన్ని ఎవరెవరు పంచుకోవాలో చెప్పాడు.

రెండోది మహర్ వతన్ బిల్లు. మహారాష్ట్ర ఊళ్లలో మహర్లు తరతరాలుగా ప్రభుత్వానికి, ఊరికి చాకిరి చేయాలి. కబురు మోయాలి, కాపలా కాయాలి, రాత్రనక పగలనక పిలిస్తే వెళ్లాలి. తండ్రి వెళ్లలేకపోతే కొడుకు వెళ్లాలి. ప్రతిఫలం ఒక చిన్న భూమి ముక్క, ఊరి రైతులు విదిలించే గింజలు. పనివేళలు లేవు, జీతం లేదు, రాజీనామా లేదు. 1874 నాటి వంశపారంపర్య ఉద్యోగాల చట్టం ఆ చాకిరికి ముద్ర వేసింది. దాన్ని సవరించాలన్న ఆయన బిల్లు నెగ్గలేదు. ఆ వతన్లు రద్దయింది 1958 చట్టంతో, ఆయన పోయాక.

తెలంగాణ పాఠకులకు ఇది వేరే రాష్ట్రపు కథ అనిపించదు. మన దగ్గర దాని పేరు వెట్టి. మాలలు కబురు మోయడం, అధికారి వస్తే సామాను మోయడం. మాదిగలు చెప్పులు, తొండాలు, పగ్గాలు ఊరికే చేసివ్వడం, డప్పు కొట్టడం. దానికి తోడు భాగేలా. పెళ్లికో చావుకో దొర దగ్గర తెచ్చిన పది రూపాయల అప్పుకు ఏళ్ల తరబడి జీతగాడిగా ఉండటం. 1936లో నిజాం ప్రభుత్వం భాగేలా ఒప్పందాల నిబంధన తెచ్చింది. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, ఏడాది మించకూడదు అంది. చదువు రాని జీతగాడికి, కాగితం రాసే పట్వారీకి మధ్య ఆ నిబంధన ఏమైందో ఊహించుకోవచ్చు.

సికింద్రాబాద్ ఘాస్‌మండిలో పుట్టిన బి.ఎస్. వెంకట్రావు ఈ వ్యవస్థను దగ్గరగా చూసినవాడు. హైదరాబాద్ అంబేద్కర్ అని జనం పిలుచుకున్న ఆయనే 1936 మేలో బొంబాయిలో జరిగిన మహర్ మహాసభకు అధ్యక్షుడు. మతం మారడం ఎందుకో అంబేద్కర్ తన జనానికి విడమరచి చెప్పిన సభ అది. అంటే ఘాస్‌మండికి, దాదర్‌కు మధ్య రాకపోకలు అప్పటికే ఉన్నాయి.

అదే ఏడాది అంబేద్కర్ ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పెట్టాడు. 1938లో మన్మాడ్‌లో రైల్వే దళిత కార్మికుల సభలో, కార్మికులకు శత్రువులు ఇద్దరని చెప్పాడు: బ్రాహ్మణీయం, పెట్టుబడిదారీ విధానం. ఆ ఏడాదే కాంగ్రెస్ మంత్రివర్గం సమ్మెలకు సంకెళ్లు వేసే పారిశ్రామిక వివాదాల బిల్లు తెచ్చింది. పని మానినందుకు జైలు అంటే అది బానిసత్వమేనన్నది ఆయన వాదన. వతన్ చూసిన మనిషికి ఆ మాట పుస్తకం లోంచి రాలేదు. నవంబరు 7న కమ్యూనిస్టులతో కలిసి ఒక రోజు సమ్మె నడిపాడు. బిల్లు చట్టమైంది.

1942 జులైలో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో లేబర్ మెంబర్‌గా చేరాడు. 1946 మధ్యదాకా, నాలుగేళ్లు. యుద్ధం, ధరల మంట, బొగ్గు కొరత. ప్రభుత్వం, యజమానులు, కార్మికులు ఒకే బల్ల చుట్టూ కూర్చునే త్రైపాక్షిక సమావేశాలు ఆయన హయాంలోనే కుదురుకున్నాయి. 1943లో కేంద్ర ఉద్యోగాల్లో షెడ్యూల్డ్ కులాలకు 8.33 శాతం కేటాయింపు వచ్చింది.

ఈ కాలంలో మనం ఎక్కువగా మాట్లాడని ఘట్టం ఒకటుంది. గనుల్లో భూగర్భంలో స్త్రీలు పనిచేయడంపై నిషేధాన్ని 1943లో ప్రభుత్వం సడలించింది. సైనిక నిర్మాణాల్లో కూలి ఎక్కువ దొరకడంతో కార్మికులు గనులు వదిలి వెళ్తున్నారు. యజమానులు కూలి పెంచి వాళ్లను వెనక్కి తెచ్చుకోవచ్చు. అలా కాకుండా ఆడవాళ్లను గనిలోకి దించారు. సభలో దీన్ని సమర్థించే పని లేబర్ మెంబర్‌పై పడింది. ఒకే పనికి స్త్రీ పురుషులకు సమాన కూలి ఇవ్వాలన్న షరతు పెట్టామని ఆయన చూపించాడు. ఆ షరతు విలువైనదే. అయినా ఆ నిర్ణయం కూలి పెంపును తప్పించుకోవడానికి యజమానులకు దొరికిన దారి అనే నా అభిప్రాయం. 1946 ఫిబ్రవరిలో నిషేధాన్ని తిరిగి అమలు చేశారు.

1943 డిసెంబరులో ఆయన ధన్‌బాద్ వెళ్లి గనిలోకి స్వయంగా దిగి చూశాడు. మరుసటి నెలాఖరుకే బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధి ఆర్డినెన్స్ వచ్చింది. గని నుంచి బయటికి వెళ్లే బొగ్గు మీద సుంకం వేసి ఆ డబ్బుతో ఇళ్లు, మంచినీళ్లు, వైద్యం. ఈ పద్ధతిలోని తెలివి చూడండి. ఒక్క యజమాని మంచి మనసుతో ఇళ్లు కడితే అతని బొగ్గు ఖరీదెక్కి పక్క గనివాడు లాభపడతాడు. టన్నుకింత అని అందరి మీదా వేస్తే, కార్మికుడికి నీళ్లివ్వకుండా పోటీలో నెగ్గే దారి మూసుకుపోతుంది.

1944 సెప్టెంబరులో అంబేద్కర్ హైదరాబాద్ వచ్చాడు. ఇక్కడి నుంచి మద్రాసు, అక్కడి నుంచి కోస్తా జిల్లాలు తిరిగాడు. అప్పటి సికింద్రాబాద్ పరిస్థితి విచిత్రం. ఊరు, కంటోన్మెంటు బ్రిటిష్ పాలనలో ఉన్నాయి, హుస్సేన్‌సాగర్ అవతల నిజాం రాజ్యం. 1945లో ఊరి పౌర ప్రాంతం నిజాం చేతికి తిరిగి వెళ్లింది. ఢిల్లీలో ఆయన చేయిస్తున్న కార్మిక చట్టాలు బ్రిటిష్ ఇండియాకే. కొత్తగూడెం బొగ్గుబాయిల దాకా ఆ సంక్షేమ నిధి రాలేదు, భాగేలా ఉన్న పల్లెల దాకా అసలే రాలేదు. లేబర్ మెంబర్ ఇక్కడి దళితవాడల్లో సభలు పెట్టగలిగాడు గానీ ఇక్కడి దొరకు ఒక నోటీసు పంపలేకపోయాడు.

1945, 46 సంవత్సరాలు పంట చేతికొచ్చిన కాలం. ఏడాది పనిచేసినవాళ్లకు జీతంతో సెలవులు 1945 సవరణతో వచ్చాయి. 1946 ఏప్రిల్‌లో ఫ్యాక్టరీల చట్టం మారి వారానికి 48 గంటలు, రోజుకు 9 గంటలు అయింది. సీజన్‌లో మాత్రమే నడిచే ఫ్యాక్టరీల్లో వారానికి 50 గంటలు. ఆ పైన పనిచేయిస్తే రెట్టింపు కూలి. యుద్ధకాలమంతా అలసిన ఒళ్లకు విశ్రాంతి కావాలి, యుద్ధం ముగిశాక ఉన్న పనిని ఎక్కువమందికి పంచాలి అన్నవి ఆయన కారణాలు.

అదే నెలలో స్టాండింగ్ ఆర్డర్స్ చట్టం వచ్చింది. వందమంది పనిచేసే ప్రతి సంస్థా పనివేళలు, సెలవులు, ఏ తప్పుకు ఏ శిక్ష, ఎలా తీసేస్తారు అన్నవన్నీ రాసి పెట్టాలి. చదివేవాళ్లకు ఇది చప్పగా ఉంటుంది. కానీ పిలిస్తే రావాలి, పొమ్మంటే పోవాలి అన్న నోటిమాట పాలన కింద తరతరాలు బతికిన వాళ్లకు, యజమాని అధికారానికి హద్దులు గోడమీద కాగితంగా కనబడటం చిన్న సంగతి కాదు. కనీస వేతనాల బిల్లును కూడా ఆయన ఆ ఏప్రిల్‌లోనే సభ ముందు పెట్టాడు. అది 1948లో, జగ్జీవన్ రామ్ కార్మిక మంత్రిగా ఉన్నప్పుడు చట్టమైంది. బి.పి. అదార్కర్ 1944లో ఇచ్చిన ఆరోగ్య బీమా నివేదిక మీద నిలబడి ఈఎస్ఐ చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. 1928లో ప్రసూతి భత్యం గురించి ఆయన వేసిన ప్రశ్నకు ఈ బీమా ఒక జవాబు. ఒక్క యజమానే మోయాల్సి వస్తే అతను ఆడవాళ్లను పనిలోంచి తీసేస్తాడు. అందరూ చందా కట్టే నిధి ఉంటే ఆ సాకు ఉండదు.

1947లో రాసిన రాష్ట్రాలు, మైనారిటీలు పత్రంలో ఆయన మరింత దూరం వెళ్లాడు. రాజ్యం జోక్యం చేసుకోకుండా పక్కకు తప్పుకుంటే మిగిలేది కార్మికుడి స్వేచ్ఛ కాదని, అద్దెలు పెంచే స్వేచ్ఛ భూస్వామికి, పనిగంటలు పెంచి కూలి తగ్గించే స్వేచ్ఛ యజమానికి మిగులుతాయని అందులో వాదించాడు. భూమి, కీలక పరిశ్రమలు రాజ్యం చేతిలో ఉండాలని, అది రాజ్యాంగంలోనే రాయాలని కోరాడు. రాజ్యాంగంలోకి ఆ కోరిక రాలేదు. వెట్టిచాకిరిని నిషేధించే 23వ అధికరణం వచ్చింది.

1953 జనవరిలో ఉస్మానియా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చినప్పుడు ఆయన మళ్లీ ఇక్కడికి వచ్చాడు. అప్పటికి హైదరాబాద్ రాష్ట్రం భారతదేశంలో కలిసి నాలుగేళ్లు దాటింది, కేంద్ర కార్మిక చట్టాలు ఈ గడ్డకూ వర్తిస్తున్నాయి. ఈఎస్ఐ పథకం 1952లో కాన్పూర్, ఢిల్లీల్లో మొదలై 1955లో జంటనగరాలకు చేరింది. 1956 డిసెంబరు 6న ఆయన కన్నుమూశాడు.

ఆ చట్టాలన్నిటిలోనూ ఒక అంకె ఉండేది: ఫ్యాక్టరీ అయితే పదిమందో ఇరవైమందో, స్టాండింగ్ ఆర్డర్స్ అయితే వందమంది. ఆ అంకెకు కింద ఉన్న పని, పొలం పని, పాకీ పని, మోండా మార్కెట్‌లో మూటలు మోసే పని, అడ్డా మీద దొరికే పని ఎవరి వాటాకు వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. వ్యవసాయ కూలీలకు కనీస వేతనం నిర్ణయించడానికి 1948 చట్టం పెట్టిన గడువును ప్రభుత్వాలు పదేపదే పొడిగించాయి. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనికి అనుమతి ఇచ్చింది. వారానికి 48 గంటలన్న 1946 నాటి హద్దును మాత్రం ఉంచింది. అదే ఏడాది నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ స్టాండింగ్ ఆర్డర్స్ రాసిపెట్టాల్సిన సంస్థల హద్దును వంద నుంచి మూడువందల మందికి పెంచింది. రెండువందల తొంభై తొమ్మిది మందితో పని చేయించుకునే యజమాని ఇక ఆ కాగితం గోడకు అంటించనక్కర్లేదు.