పేరుకై పోరాడిన మహనీయుడు: భాగ్యరెడ్డివర్మ

మనుష్యుని హీనపరచే సాధనాలలో పేరు ఒకటి. దెబ్బ తగిలిన గాయము కొన్నాళ్లకు మానుతుంది. హీనమైన పేరు మాత్రము తండ్రి నుండి కొడుకునకు, కొడుకు నుండి మనుమనికి సంక్రమిస్తుంది. అమెరికాలో నల్లజాతివారు, మన దేశంలో అస్పృశ్యులని వెలివేయబడినవారు ఈ బాధను తరతరాలుగా అనుభవించినారు. అక్కడ ఒంటి రంగు, ఇక్కడ పుట్టిన కులము కారణమైనవి. ఫలితము మాత్రము ఇంచుమించు ఒక్కటే: వేరు వాడ, వేరు నీరు, వేరు బడి, అధమము, అసలు బడియే లేకపోవుట. ఈ దుస్థితిని ఎదిరించి, తెలుగునేలపై తనవారికి తల ఎత్తుకొనదగిన పేరును, కూర్చొని చదువుకొనదగిన బడిని సంపాదించిపెట్టిన మహనీయుడు మాదరి భాగ్యరెడ్డివర్మ.

ఆయన 1888వ సంవత్సరం మే 22న హైదరాబాదు నగరంలో, మాల కులంలో జన్మించినారు. తండ్రి వెంకయ్య, తల్లి రంగమాంబ. తల్లిదండ్రులు పెట్టిన పేరు భాగయ్య. ఆ కుటుంబమునకు గురువుగా వచ్చుచుండిన శైవుడొకరు ఆ పేరును భాగ్యరెడ్డి అని మార్చినాడు. ఆర్యులు రాకపూర్వము ఈ దేశమును ఏలినవారు నేడు అంటరానివారనబడువారి పూర్వులేననియు, రేడు అనగా ప్రభువు గనుక రెడ్డి అన్న మాట వారికి న్యాయముగా చెల్లుననియు ఆయన వాదము. ఈ వాదములోని చారిత్రక సత్యమెంతో, వ్యుత్పత్తి ఎంత సరియైనదో పండితులు విచారించుకొనవచ్చును. ఆ బాలుని మనస్సుపై మాత్రము అది చెరగని ముద్ర వేసినది. తాను పుట్టుకచేత హీనుడను కాననియు, తనవారిని హీనులుగా చేసినది సంఘమేననియు చిన్ననాడే ఆయనకు తోచినది.

బ్రతుకుతెరువు కొరకు ఆయన ఒక బారిస్టరు ఇంట కొలువు చేసినారు. తాను సంపాదించిన చదువు, లోకజ్ఞానము తన ఒక్కని బాగుకే కాక తన వాడల బాగుకు ఉపకరించవలెనని నిశ్చయించుకొన్నారు.

కథలతో మొదలైన ఉద్యమము

1906లో ఆయన జగన్మిత్రమండలిని స్థాపించినారు. అప్పటికి ఆయన వయస్సు పద్దెనిమిది ఏండ్లు. అక్షరము రానివారికి కరపత్రములు పంచి ప్రయోజనమేమి? అందుచేత ఆ మండలి హరికథలను, భజనలను ఆశ్రయించినది. పగలంతా కూలి చేసి అలసిన జనము రాత్రివేళ కథ వినుటకు చేరేవారు. ఆ కథల నడుమనే మద్యపానము వలని నష్టము, బాల్యవివాహముల కీడు, పిల్లలను చదివించవలసిన అవసరము వారి చెవిని పడేవి. ఈ మండలియే 1911లో మాన్యసంఘముగా రూపొందినది. మాన్యులు అనగా గౌరవింపదగినవారు. తక్కినవారు తమను ఏమని పిలిచినప్పటికిని, తమకు తాము ఏమని పిలుచుకొనవలెనో ఆ పేరే తెలుపుచున్నది.

అదే 1906లో, సెప్టెంబరు నెలలో, అమెరికాలోని అట్లాంటా నగరంలో ఘోరమైన జాతి దౌర్జన్యము జరిగినది. నల్లవారు తెల్ల స్త్రీలపై దాడులు చేసినారని పత్రికలు రుజువులేని వార్తలను పెద్ద అక్షరాలతో ప్రకటించగా, తెల్లవారి మూకలు వీధులలో పడి కనిపించిన నల్లవానినల్లా కొట్టినవి. ఇరువదిమందికి పైగా నల్లవారు ప్రాణములు కోల్పోయినారు. 1908లో అబ్రహాం లింకను నివసించిన స్ప్రింగ్ ఫీల్డు పట్టణంలోనే అట్టి అల్లరులు చెలరేగినవి. బానిసలకు విముక్తి ప్రసాదించిన మహాపురుషుని ఊరికే ఆ గతి పట్టినందున కలిగిన సంక్షోభము నుండియే 1909లో నల్లజాతివారి అభ్యున్నతికై జాతీయ సంఘము పుట్టినది. సముద్రములకు ఆవల ఆ సంఘము, మూసీతీరమున మాన్యసంఘము రెండేండ్ల వ్యవధిలో వెలసినవి.

బడి

భాగ్యరెడ్డిగారు చేసిన కార్యములలో శాశ్వతమైనది విద్యాదానము. 1910లో ఇసామియా బజారులోను, లింగంపల్లిలోను ఆయన పాఠశాలలు తెరచినారు. నిజాం రాజ్యంలో రాజభాష ఉర్దూ. కార్యాలయములలోను, ఉన్నత విద్యలోను దానిదే పెత్తనము. తెలుగువారు అధిక సంఖ్యాకులుగా ఉన్నను తెలుగు బడి అరుదు. అంటరానివారి పిల్లలకు ఏ భాషలోనైనను బడి మరింత అరుదు. అట్టి కాలంలో ఆయన ఆ పిల్లలకు వారి ఇంటి భాషయైన తెలుగులోనే చదువు చెప్పించినారు. క్రమముగా ఆ బడులు ఇరవైకి పైబడినవి. 1930 తరువాత ప్రభుత్వమే వాటి బాధ్యతను స్వీకరించినది.

అమెరికా దక్షిణ రాష్ట్రములలో బానిసత్వమున్న కాలమున నల్లవారికి చదువు నేర్పుట పలుచోట్ల శాసనరీత్యా నేరము. బానిసగా పుట్టిన బుకర్ వాషింగ్టను 1881లో టస్కీగీలో విద్యాలయమును నెలకొల్పి, చదువుతోపాటు చేతిపనులను నేర్పినాడు. మన దేశంలో అట్టి శాసనము అవసరము లేకపోయినది. ఆచారమే శాసనముకన్న గట్టిగా పనిచేసినది. శాసనమునైతే ఒక సంతకముతో రద్దు చేయవచ్చును. ఆచారమును రద్దు చేయుటకు ఒక్కొక్క వాడకు, ఒక్కొక్క ఇంటికి పోవలసినదే. భాగ్యరెడ్డిగారు చేసినది ఆ పని.

ఆడపిల్లలను దేవుని పేర జోగినులుగా, మురళీలుగా విడిచివేసే దురాచారమును ఆయన తీవ్రముగా ఖండించినారు. జీవరక్షా జ్ఞాన ప్రచారక మండలి కార్యదర్శిగా జాతరలలో జంతుబలిని మాన్పించుటకు పాటుపడినారు. వాడల తగవులు వాడలలోనే న్యాయముగా తీరుటకు పంచాయతీలను ఏర్పరచినారు. ఈ సేవను మెచ్చి 1913లో హైదరాబాదు ఆర్యసమాజము ఆయనకు వర్మ అన్న బిరుదము నొసగినది. నాటి నుండి ఆయన భాగ్యరెడ్డివర్మ.

బెజవాడలో మూసిన తలుపులు

1917వ సంవత్సరము ఆయన జీవితంలో ముఖ్యమైనది. సంఘసంస్కర్త గూడూరు రామచంద్రరావుగారి పూనికతో నవంబరు 4, 5, 6 తేదీలలో బెజవాడలో ప్రథమ ఆంధ్రదేశ పంచమ మహాజనసభ సమకూడినది. మైలవరం రాజావారి నాటకశాల సభాస్థలము. అధ్యక్షుడు భాగ్యరెడ్డివర్మ. ఇంతమంది అంటరానివారు పట్టణంలో చేరుచున్నారని తెలిసి, వారెక్కడ ఆలయమున ప్రవేశింతురోయన్న భయముతో కనకదుర్గమ్మ గుడి తలుపులు ఆ మూడు దినములు మూసివేసినారు.

ఆ తలుపులను బద్దలు కొట్టుటకు సభ పూనుకొనలేదు. అంతకన్న లోతైన తలుపును తట్టినది. అధ్యక్షుడు తన ఉపన్యాసమున సభ పేరునే ప్రశ్నించినారు. పంచమ అన్న మాట పురాణేతిహాసములలో ఎక్కడను లేదనియు, వర్ణములు నాలుగని చెప్పినవారే ఐదవదానిని కల్పించి తమను అందులోనికి నెట్టుట అన్యాయమనియు, తమవారు ఈ నేలకు ఆది నివాసులు గనుక ఆదిఆంధ్రులని పిలువబడవలెననియు వాదించినారు. సభ అంగీకరించినది. పంచమ మహాజనసభగా సమావేశమైనది ఆదిఆంధ్ర మహాసభగా ముగిసినది. ఐదేండ్లు గడవకముందే, 1922లో, మద్రాసు ప్రభుత్వము పంచమ, పరయ అన్న మాటలకు బదులు ఆదిఆంధ్ర, ఆదిద్రావిడ పదములనే వాడవలెనని ఉత్తరువు చేసినది.

అదే 1917లో జూలై నెలలో అమెరికాలోని ఈస్టు సెయింటు లూయీలో మరియొక దారుణము జరిగినది. యుద్ధకాలపు కర్మాగారములలో పనికై దక్షిణము నుండి వచ్చిన నల్ల కూలీలపై తెల్ల కూలీల అసూయ మంటలై లేచినది. ఇండ్లను తగులబెట్టినారు. ప్రభుత్వపు లెక్క ప్రకారమే 39 మంది నల్లవారు మరణించినారు. దానికి నిరసనగా ఆ నెల 28న న్యూయార్కు రాజవీధిలో దాదాపు పదివేల మంది నల్లవారు, పిల్లలతో సహా, ఒక్క నినాదమైనను పలుకక నడిచినారు. ఆ ఊరేగింపులో వినిపించినది మందమైన డోళ్ల ధ్వని మాత్రమే. అక్కడ మంటలు, ఇక్కడ మూసిన తలుపులు. రెంటికిని ఆ పీడితులు ఇచ్చిన సమాధానము మాత్రము హింస కాదు. తాము మనుష్యులమని చాటుకొనుట.

పేరు కొరకు జరిగిన ఈ పోరాటము అక్కడను సాగినది. ఇంగ్లీషులో నీగ్రో అన్న మాటను చిన్న అక్షరముతో మొదలుపెట్టి వ్రాసేవారు. తక్కిన జాతుల పేర్లకు పెద్ద అక్షరము. ఆ ఒక్క అక్షరము కొరకు నల్లవారు ఏండ్ల తరబడి ఆందోళన చేయగా, 1930లో న్యూయార్కు టైమ్స్ పత్రిక పెద్ద అక్షరమును అంగీకరించినది. ఆ మరుసటి ఏడు, 1931 జనాభా లెక్కలలో, హైదరాబాదు రాజ్యము వర్మగారి వర్గమును ఆదిహిందువులుగా నమోదు చేసినది.

కడపటి సంవత్సరములు

మాన్యసంఘము తరువాతి కాలమున ఆదిహిందూ సోషల్ సర్వీసు లీగుగా మారినది. చాదర్‌ఘాటులో వెలసిన ఆదిహిందూ భవనము ఆ ఉద్యమమునకు నెలవైనది. 1930లో లక్నోలో జరిగిన అఖిలభారత ఆదిహిందూ మహాసభకు వర్మగారు అధ్యక్షత వహించినారు. రౌండు టేబులు సమావేశమున అంబేద్కరుగారి ప్రాతినిధ్యమును ఆ సభ బలపరచినది. 1931లో ఆయన భాగ్యనగర్ అనే పత్రికను స్థాపించినారు. బుద్ధజయంతిని జరిపే సంప్రదాయమును తనవారిలో ప్రవేశపెట్టినారు.

ఆయన మార్గమున ముండ్లు వెలుపలివారు వేసినవే కావు. మాల, మాదిగ భేదములు ఉద్యమమును చీల్చినవి. అరిగె రామస్వామి వంటి నాయకులు వేరు సంఘములను నడిపినారు. ఒక్క పేరు క్రిందికి అందరిని చేర్చవలెనన్న ఆయన ఆశయము ఆయన కాలమున పూర్తిగా నెరవేరలేదు. 1939 ఫిబ్రవరి 18న ఆయన కన్నుమూసినారు. అప్పటికి ఏబది ఒకటవ ఏడు నడుచుచున్నది.

1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము అస్పృశ్యతను నిషేధించినది. 1964లో అమెరికాలో పౌరహక్కుల శాసనము వచ్చినది. ఈ రెండింటిలో దేనినీ చూచే భాగ్యము వర్మగారికి కలుగలేదు. తరువాత ఆ వర్గమువారు తమకు దళితులన్న పేరును ఎన్నుకొన్నారు. ఆదిఆంధ్ర అన్న మాట వాడుకలో వెనుకబడినది. అయినను తన పేరును తానే ఎన్నుకొనే హక్కు మనుష్యునిదే అన్న సూత్రమును తెలుగుదేశమునకు మొదట బోధించినవారిలో ఆయన అగ్రగణ్యుడు. బడిలో ఉపాధ్యాయుడు హాజరుపట్టీ తెరచి పిల్లవానిని వాని పేరుతో, అందరిని పిలిచినంత మర్యాదతో పిలిచినప్పుడు, ఆ పిల్లవాడు వెనుక వరుసలో కాక తనకు ఇష్టమైన చోట కూర్చొని సమాధానము చెప్పినప్పుడు, ఇసామియా బజారులో 1910లో మొదలైన పని ఒక అడుగు ముందుకు సాగినట్లే.