గాలి లేని రోజుల్లో జాషువా స్లోకం



జాషువా అనగానే మనకు మహాకవి గుర్రం జాషువా గుర్తుకు వస్తారు. మేము చెప్పబోయేది మరో జాషువా గురించి. తెరచాప పడవలో ఒంటరిగా భూమిని చుట్టి వచ్చిన మొట్టమొదటి మనిషి జాషువా స్లోకం. విడపనకల్లులో ఉండే మనకు సముద్రం కథ ఎందుకని అనుకోకండి, చివరిదాకా చదవండి.

స్లోకం 1844 ఫిబ్రవరి 20న కెనడాలోని నోవా స్కోషియాలో పుట్టారు. తండ్రి జాలర్లకు బూట్లు కుట్టేవారు. పదేళ్ళకే బడి మాన్పించి కొడుకును కూడా ఆ పనిలో కూర్చోబెట్టారు. పద్నాలుగో ఏట ఇల్లు విడిచి, చేపల పడవలో వంటవాడిగా చేరారు స్లోకం. ఓడల మీదే చదువు నేర్చుకుని కెప్టెన్ అయ్యారు.

తర్వాత కాలం కలిసి రాలేదు. 1884లో భార్య వర్జీనియా చనిపోయారు. 1887లో బ్రెజిల్ తీరంలో సొంత ఓడ ఇసుకమేట ఎక్కి పాడైపోయింది. ఆవిరి ఓడలు వచ్చాక తెరచాప కెప్టెన్లకు పనే లేకుండా పోయింది. అప్పుడు ఒక స్నేహితుడు పొలంలో పడివున్న పాత పడవ ఇచ్చారు. స్లోకం 13 నెలలు శ్రమపడి, 553 డాలర్ల 62 సెంట్ల సామగ్రితో దాన్ని బాగుచేశారు. పేరు స్ప్రే, పొడవు 36 అడుగుల 9 అంగుళాలు. 1895 ఏప్రిల్ 24న బోస్టన్ నుండి బయలుదేరారు. అప్పటికి ఆయన వయసు 51. ఈత కూడా రాదు.

తుఫాను అంటే అందరికీ భయమే. కాని తెరచాప పడవకు గాలి ఆగిపోవడం అంతకన్నా పెద్ద పరీక్ష. భూమధ్యరేఖ దగ్గర ఈశాన్య, ఆగ్నేయ వ్యాపార పవనాలు కలిసే చోట గాలి వేడెక్కి పైకి లేస్తుంది, సముద్రం మీద నిలకడగా వీచదు. 1895 సెప్టెంబరులో స్ప్రే అక్కడ చిక్కుకుంది. రాత్రింబవళ్ళు కుండపోత వాన. పది రోజుల్లో సాగింది 300 మైళ్ళే.

1898 జూన్‌లో, ఇల్లు చేరబోయే ముందు, అశ్వ అక్షాంశాల దగ్గర గాలి పూర్తిగా పడిపోయింది. ఎనిమిది రోజులు! స్లోకం ప్రతి సాయంత్రం పడవ మీద కొవ్వొత్తి వెలిగించుకుని పుస్తకం చదువుకున్నారు. దూరాన ఒక పెద్ద ఓడ కూడా మూడు రోజులు కదలకుండా నిలిచిపోయింది. తర్వాత గాలివాన వచ్చి తెరచాప తాడు తెగితే, ఆయనే కొయ్య ఎక్కి సరిచేసుకున్నారు. జూన్ 27న అమెరికాలోని న్యూపోర్ట్ చేరారు. మొత్తం 46,000 మైళ్ళు. 1900లో ఆ యాత్ర గురించి పుస్తకం రాశారు. చివరికి అదే పడవలో ఒంటరిగా వెళ్ళి, మళ్ళీ తిరిగి రాలేదు.

ఇక మా మాట. మా ఇంట్లో డిగ్రీ ముఖం చూసింది మేమే మొదలు. డిగ్రీ అయ్యాక పీజీ సీటు రాక ఒక ఏడాది ఊళ్ళోనే ఉన్నాం. అందరూ బెంగళూరు పనికి పొమ్మన్నారు. మొదటి నాలుగు నెలలు దిగులుతోనే పోగొట్టుకున్నాం. ఒకరోజు కళ్ళంలో జొన్నలు తూర్పారబడుతుంటే గాలి ఆగింది. నాన్న ఎవరినీ తిట్టలేదు. కళ్ళం ఊడ్చారు, చినిగిన సంచులు కుట్టుకున్నారు. గాలి తిరగగానే చేట ఎత్తారు. ఆ సాయంత్రమే మేము పాత నోట్సు బయటికి తీశాం. మరుసటి ఏడు సీటు వచ్చింది.

మాతో చదివిన కొందరు ఆ ఏడాదిలోనే చదువు వదిలేశారు. వాళ్ళను మేము తప్పుపట్టం. ఇంట్లో బియ్యం నిండుకున్నవాళ్ళు కొవ్వొత్తి ముందు ఎన్నాళ్ళు కూర్చోగలరు? అందుకే తమ్ముళ్ళారా, గాలి లేని కాలంలో ఉన్న స్నేహితుడికి ఒక ఉత్తరం రాయండి, ఒక పుస్తకం పంపండి. గాలి వచ్చేనాటికి వాడి తెరచాప చిరగకుండా ఉండాలి.