అమరావతి ప్రభువు వెంకటాద్రి నాయుడు

సూర్యాపేట, కోదాడల మీదుగా బెజవాడ బస్సెక్కే మనవాళ్ళకు జగ్గయ్యపేట కొత్త కాదు. మన పొలిమేర దాటగానే తగిలే వర్తకపు టూరు. తండ్రి జగ్గయ్య పేరు నిలిచేలా ఆ పేటను పెంచినవాడు రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు (1761–1816). పక్కనే ఉన్నా ఆయన కథ మనలో చాలామందికి తెలియదు. అందుకే ఈ నాలుగు ముక్కలు.

ఆయనది కృష్ణ ఒడ్డున చింతపల్లి జమీ. 1788లో గుంటూరు సర్కారు నైజాం చేతినుంచి కంపెనీ చేతికి పోయింది. మన మిర్యాలగూడ వైపు నైజాంలోనే ఉండిపోయింది. కొత్త దొరలతో సర్దుకుంటూనే నాయుడు చింతపల్లి విడిచి, అమరావతిలో కొత్త రాజధాని కట్టుకున్నాడు. అమరేశ్వరాలయాన్ని బాగుచేయించాడు. మంగళగిరిలో 1807–09 మధ్య పదకొండు అంతస్తుల గాలిగోపురం ఎత్తించాడు. దాత అని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు.

రెండో వైపు కూడా చూద్దాం. దోపిళ్ళు చేస్తున్నారని చెంచులను విందుకు పిలిచి తలలు నరికించాడని, ఆ చోటే నరుకుళ్ళపాడని జనశ్రుతి. ఆ తరువాత ఆయన విస్తట్లో అన్నం పురుగులై కనిపించేదట! ఆ పాపం పోగొట్టుకోడానికే గుళ్ళు కట్టించాడంటారు.

కొత్త ఊరికి రాళ్ళు కావలసి దీపాలదిన్నె తవ్వించాడు. బయటపడింది బౌద్ధ మహాస్తూపం! కబురు తెలిసి మెకంజీ దొర వచ్చి చూశాడు. 1816లో మళ్ళీ వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వి ఉంది. మిగిలిన శిల్పాల్లో చాలా భాగం నేడు మద్రాసు, లండను మ్యూజియాల్లో ఉన్నాయి.

సంతానం లేక ఇద్దరిని దత్తు తీసుకున్నాడు. ఆయన పోయాక దావా ప్రీవీ కౌన్సిలుదాకా నడిచింది. మొదటి దత్తుడు బ్రతికుండగా రెండో దత్తత చెల్లదని 1846లో తీర్పు వచ్చింది. లా చదివే మిత్రులకు ఈ కేసు పరిచయమే.

గోపురం చూసి ఆయనకు దండం పెట్టేవారున్నారు, నరుకుళ్ళపాడు తలచుకుని తిట్టేవారున్నారు. ఒకదానితో రెండోదాన్ని కొట్టివేయడం చరిత్ర కాదని నా అభిప్రాయం. కట్టించిన రాజు పేరు గోపురంతోపాటు నిలిచింది. చచ్చిన చెంచుల్లో ఒక్కడి పేరైనా మనకు దక్కలేదు. చరిత్ర చదివేవాళ్ళం ఆ లోటును కూడా లెక్కలో వేసుకోవాలి.