జాన్ మోజెస్ బ్రౌనింగ్ : ఆయుధశిల్పి జీవితము – ఆయుధభద్రత

మహనీయుల జీవిత చరిత్రలను వ్రాయునప్పుడు కవులను, సంస్కర్తలను, శాస్త్రజ్ఞులను ఎన్నుకొనుట కళాశాల పత్రికలకు ఆచారం. ఈ పర్యాయం మేము ఒక తుపాకుల పనివానిని ఎన్నుకొన్నాము. కొందరు పాఠకులు ఇందుకు నొసలు ముడివేయవచ్చును. మారణాయుధాలను చేసినవాని జీవితంలో విద్యార్థులు నేర్చుకొనదగినది ఏమున్నదని వారు అడుగుట సమంజసమే. ఎన్.సి.సి.లో చేరిన విద్యార్థికి తుపాకి చేతికిచ్చుటకు ముందే నేర్పే పాఠం ఒకటున్నది. దాని మూతిని ఏ మనిషి వైపునకూ త్రిప్పరాదన్నదే ఆ పాఠం. ఎన్ని భద్రతా మీటలున్న తుపాకికైనా ఆ నియమం ఎందుకు తప్పలేదో తెలిసికొనుటకు జాన్ మోజెస్ బ్రౌనింగ్ జీవితం మనకు మిక్కిలి ఉపకరిస్తుంది.

బ్రౌనింగ్ 1855వ సంవత్సరం జనవరి 23వ తేదీన అమెరికాలోని యూటా ప్రాంతంలో, ఆగ్డెన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి జొనాథన్ పేరుగాంచిన తుపాకుల పనివాడు. ఆయన మార్మన్ మతాన్ని స్వీకరించి, తన మతస్థులతో కలిసి ఆ పశ్చిమ ప్రాంతానికి తరలివచ్చి దుకాణం పెట్టుకొన్నాడు. ముగ్గురు భార్యలు, ఇరువదిరెండు మంది సంతానం గల పెద్ద సంసారం ఆయనది. జాన్‌కు బడిచదువు కొద్దిగానే అబ్బింది. తండ్రి దుకాణమే ఆయనకు విద్యాలయం. బాగుచేయుటకు వచ్చిన విరిగిన తుపాకులే పాఠ్యగ్రంథాలు. పదేండ్ల ప్రాయంలోనే పారవేసిన ఇనుప సామానుతో తన తొలి తుపాకిని తయారు చేశాడని చెప్పుకొంటారు. 1879లో తండ్రి మరణించాడు. అదే సంవత్సరం అక్టోబరు 7న జాన్‌కు మొదటి పేటెంటు లభించింది. సోదరులతో కలిసి ఆయన చిన్న కర్మాగారం నడుపుచుండగా, 1883లో వించెస్టర్ కంపెనీవారు వెదకికొని వచ్చి ఆ రైఫిలు హక్కులను కొనుగోలు చేశారు. ఆ సంబంధం 19 సంవత్సరాలు సాగింది.

ఆయన ప్రతిభకు మూలం నిశిత పరిశీలన. 1889లో ఒకనాడు తుపాకి పేలినప్పుడు దాని మూతి నుండి వెలువడిన వాయువు ఎదుటనున్న కలుపుమొక్కలను వంచివేయుట ఆయన కంటబడింది. వేలాదిమంది చూచిన దృశ్యమే అది. కాని ఆ వాయువు వృథాగా పోవుచున్నదని, దానిచేతనే తుపాకికి మరల తూటా నింపించవచ్చునని తలచినవాడు బ్రౌనింగ్. ఆ ఆలోచన నుండి పుట్టిన మరతుపాకిని కోల్ట్ కంపెనీ 1895లో బయటకు తెచ్చింది. స్వయంచాలక షాట్‌గన్ విషయంలో 1902లో వించెస్టర్‌తో తెగతెంపులైనవి. ఆయన సముద్రం దాటి బెల్జియంలో లియేజ్ నగరం చెంతనున్న ఎఫ్.ఎన్. కర్మాగారాన్ని ఆశ్రయించాడు. ఆ సంస్థ అప్పటికే ఆయన పిస్తోలును తయారు చేయుచుండెను.

ఇక మన ముఖ్య విషయానికి వద్దాము. స్వయంచాలక పిస్తోలులో గొట్టాన్ని కప్పి ముందు వెనుకలకు జారే ఉక్కు తొడుగును రూపొందించినవాడు బ్రౌనింగే. తూటా పేలిన ప్రతిసారీ ఆ తొడుగు వెనుకకు పోయి ఖాళీ తూటాను పారవేస్తుంది, సుత్తిని ఎత్తిపెడుతుంది, తిరిగి ముందుకు వచ్చుచు కొత్త తూటాను గొట్టంలోనికి నెట్టుతుంది. రివాల్వరులో తూటా పేలిన పిమ్మట సుత్తి దిగియే ఉంటుంది. ఈ పిస్తోలులో అట్లు కాదు. కాల్పు ఆపినప్పటికీ సుత్తి ఎత్తబడి, తూటా సిద్ధమై ఉంటుంది. దానిని ఒరలో పెట్టవలెనన్న సుత్తిని దించవలెను. దించుటకు దానిని బొటనవ్రేలితో అదిమిపట్టి, ట్రిగ్గరు నొక్కి, మెల్లమెల్లగా వదలవలెను. అనగా పేల్చుటకు చేయవలసిన పనినే పేలకుండుటకు కూడా చేయవలెను. చెమటపట్టిన వ్రేలు జారినచో తూటా పేలుతుంది. పాత ఉర్దూలో ఈ సుత్తికి ఘోడా అని పేరు. గుర్రంపైనున్న రౌతు ఒక చేత కళ్ళెము పట్టి, రెండవ చేతితో ఈ రెండవ గుర్రాన్ని అదుపు చేయుట ఎంత కష్టమో పాఠకులే ఊహించవచ్చును.

ఈ చిక్కును బ్రౌనింగ్ పలు విధాలుగా ఎదుర్కొన్నాడు. 1900 నాటి కోల్ట్ పిస్తోలులో గురిచూచు వెనుక గుబ్బనే క్రిందికి నొక్కినచో, అది పిన్నుకు అడ్డుపడునట్లు ఏర్పాటుండెను. ఆ పద్ధతి ఎక్కువ కాలం నిలువలేదు. పిదప పిన్ను పొడవును తగ్గించారు. దించిన సుత్తి పిన్నుపై ఆనియున్నను పిన్ను కొన తూటాను తాకదు; సుత్తి వేగంగా కొట్టినప్పుడు మాత్రమే పిన్ను ముందుకు దుమికి తాకుతుంది. అమెరికా సైన్యం కొరకు పిస్తోలు రూపొందుచున్న కాలంలో, అశ్వికదళం అవసరాలను బట్టి మరి రెండు భద్రతలు చేరినవి. పిడిని అరచేయి గట్టిగా పట్టిననేగాని పేలకుండునట్లు ఒకటి. ఎత్తిన సుత్తిని ఎత్తినట్లే బంధించి ఉంచు బొటనవ్రేలి మీట మరొకటి. 1911 మార్చిలో జరిగిన పరీక్షలో ఆ పిస్తోలు 6000 తూటాలను ఒక్క లోపమైనా లేకుండ పేల్చింది. వేడెక్కినప్పుడు నీటిలో ముంచి చల్లార్చి మరల పేల్చుచుండిరి. అదే నెల 29వ తేదీన సైన్యం దానిని స్వీకరించింది. గమనించవలసినదేమనగా, సుత్తిని దానంతట దించే మీట మాత్రం అందులో లేదు. ఆ పని మనిషి వ్రేలికే మిగిలిపోయింది.

భద్రత గురించి ఇంత శ్రద్ధ వహించిన మనిషి జీవితంలో ఒక దారుణమైన విపర్యాసం ఉన్నది. ఆయన రూపకల్పనతో ఎఫ్.ఎన్. సంస్థ చేసిన 1910 నమూనా పిస్తోలుకు మూడు భద్రతలుండెను. పిడి భద్రత ఒకటి, వ్రేలి మీట రెండవది, తూటాల అర తీసివేసినచో పేలనీయనిది మూడవది. 1914 జూన్ 28న సరజేవో నగరంలో గవ్రిలో ప్రిన్సిప్ అనే యువకుడు ఆస్ట్రియా యువరాజును, ఆయన భార్యను కాల్చిచంపినది ఆ నమూనా పిస్తోలుతోనే. ఆ మూడు భద్రతలలో ఏదియు ఆ హత్యను ఆపజాలకపోయినది. ఆపుట వాటి పనియు కాదు. జారిన వ్రేలిని అవి ఆపగలవు. నిశ్చయించుకొన్న వ్రేలిని ఆపలేవు. తదుపరి వచ్చిన ప్రపంచ యుద్ధంలో బ్రౌనింగ్ రూపొందించిన మరతుపాకులు అమెరికా సైన్యానికి అందినవి. ఆయన స్వంత కుమారుడు వాల్ లెఫ్టినెంటుగా ఫ్రాన్సు రణరంగానికి వెళ్ళాడు.

1926 నవంబరు 26న బ్రౌనింగ్ లియేజ్‌లోని ఎఫ్.ఎన్. కర్మాగారంలోనే గుండె ఆగి మరణించాడు. అప్పటికి ఆయన పేర 128 పేటెంట్లుండెను. అసంపూర్ణంగా మిగిలిన పిస్తోలును ద్యూదొనె సైవ్ అనే బెల్జియం శిల్పి పూర్తిచేయగా అది 1935లో వెలువడింది. మన దేశంలో ఇషాపూర్ రైఫిలు కర్మాగారంలో భారత సైన్యం కొరకు తయారైన 9 మిల్లీమీటర్ల పిస్తోలు ఆ వంశానిదే.

ఆయన వదలివెళ్ళిన పనిని ఇతరులు చేపట్టారు. జర్మనీలోని వాల్తర్ సంస్థ 1929లో పి.పి. పిస్తోలును, 1938లో పి-38ని తెచ్చింది. పోలండులో బ్రౌనింగ్ పద్ధతిపైనే విస్ అనే పిస్తోలును రూపొందించి, రౌతులు ఒంటిచేతితో సుత్తిని దించగలుగునట్లు దానికొక మీటను అమర్చారు. ఈ మీటల సూత్రం ఒక్కటే. మీటను త్రిప్పగానే మొదట పిన్నుకు సుత్తి దెబ్బ తగులకుండ అడ్డు ఏర్పడవలెను, లేదా పిన్ను లోపలికి తగ్గవలెను. ఆ తరువాతనే సుత్తి విడుదల కావలెను. పని యావత్తు ఆ క్రమంపై ఆధారపడియున్నది. సుత్తి నిజంగానే తన పూర్తి బలంతో పడుతుంది. తూటాకూ దానికీ మధ్య నున్నది ఆ చిన్న ఉక్కుముక్క మాత్రమే. అది అరిగినను, విరిగినను, తప్పుగా బిగించినను, భద్రత కొరకు త్రిప్పిన మీటయే తూటాను పేల్చగలదు. అందుచేతనే మీటతో సుత్తిని దించునప్పుడు సైతం మూతిని నిరపాయమైన దిక్కునకే ఉంచవలెనని శిక్షకులు ఆజ్ఞాపిస్తారు.

1985లో అమెరికా సైన్యం బ్రౌనింగ్ పిస్తోలుకు బదులు, సుత్తిని దించు మీట గల బెరెట్టాను స్వీకరించింది. 2017లో బయటి సుత్తియే లేని మరొక పిస్తోలును ఎన్నుకొన్నది. యంత్రాలు మారినవి, ఎన్.సి.సి. విద్యార్థి నేర్చుకొనే మొదటి పాఠం మాత్రం మారలేదు.

బ్రౌనింగును మేము పూజింపము. ఆయన శ్రమను, చూపును, లోపం కనబడిన చోట మరల పని మొదలుపెట్టిన ఓర్పును మాత్రం గౌరవిస్తాము. మన విద్యార్థులలో రేపు ఇంజనీర్లు, వైద్యులు, డ్రైవర్లు, విద్యుత్తు పనివారు కానున్నవారు ఎందరో ఉన్నారు. వారు చేయు ప్రతి యంత్రమూ అలసిన చేతిని, జారే వ్రేలిని దృష్టిలో ఉంచుకొని చేయవలెను. వారు వాడు ప్రతి యంత్రాన్నీ, అందలి భద్రతా మీట ఏ క్షణాన్నైనా విఫలం కావచ్చునని తలచి వాడవలెను. ఈ రెండు బాధ్యతలలో ఏ ఒక్కటీ రెండవదానికి బదులు కాజాలదు. ఇక ఆ యంత్రాన్ని దేనికి వినియోగింపవలెనన్న మూడవ బాధ్యత ఉన్నది. దానిని ఏ పనివాడూ ఉక్కుతో చేసి ఇవ్వలేడు. దానిని నేర్పవలసిన చోటు ఇల్లు, పాఠశాల, మనవంటి కళాశాల.