మూక్‌నాయక్ పెట్టిన మనిషి

మన క్యాంపుల్లో చాలా గదుల గోడల మీద అంబేడ్కర్ ఫొటో ఉంటుంది. రాజ్యాంగం రాసినాయనగా, పెద్ద చదువులు చదివినాయనగా ఆయన్ని అందరం ఎరుగుదుం. పత్రికలు నడిపిన మనిషిగా మాత్రం తక్కువ మందికి తెలుసు. ఈ ఏడాది పుస్తకంలో ఆ సంగతి చెప్పుకుందామనుకున్నాం. ఎందుకంటే, మన పేరు పేపర్లోకి ఎక్కేది ఎక్కువగా ఎయిర్‌పోర్టులో పెట్టె దిగినప్పుడే. బతికున్నప్పుడు మనల్ని అడిగి రాసేవాళ్లు బహు తక్కువ.

ఆయన 1891లో మహూలో పుట్టారు. తండ్రి రాంజీ పట్టాళంలో సుబేదారు. తర్వాత బొంబాయి వచ్చి పరేల్‌లో, మిల్లు కూలీలుండే చాల్‌లో, ఒకటే గదిలో కాపురం. బెడ్‌స్పేస్‌లో ఉన్నవాళ్లకు ఆ గది ఎట్లుంటుందో వేరే చెప్పనక్కర్లేదు. బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో 1913లో న్యూయార్క్ పోయారు, అక్కణ్ణుంచి లండన్. స్కాలర్‌షిప్ గడువు తీరిపోతే 1917లో చదువు సగంలో ఆపి వెనక్కొచ్చి, బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరయ్యారు. అంత చదివినా, స్టాఫ్ రూములో అందరూ తాగే కుండలో నీళ్లు ఆయన ముట్టుకోవడం తోటి ప్రొఫెసర్లలో కొందరికి నచ్చలేదు.

అప్పట్లో పేపర్లకేం కొదవ లేదు. కానీ అవి పైకులాల చేతుల్లో ఉండేవి. అంటరానివాళ్ల గోడు అందులో ఎప్పుడో ఒకసారి, అదీ వేరేవాళ్ల నోటితోనే వచ్చేది. అందుకని 1920 జనవరి 31న పరేల్ నుంచి మూక్‌నాయక్ అనే మరాఠీ పక్షపత్రిక మొదలైంది. పేరుకు అర్థం మూగవాళ్ల నాయకుడు. కొల్హాపూర్ షాహూ మహారాజు 2,500 రూపాయలు సాయం చేశారు. సంపాదకుడిగా భాట్కర్ పేరు పెట్టారు, వెనకుండి రాసింది, నడిపింది అంబేడ్కరే.

కొత్త పేపరు వస్తుందని పదిమందికీ తెలియాలి కదా. పేరుమోసిన కేసరి పత్రికకు ప్రకటన పంపారు. ఊరికే కాదు, డబ్బు కడతామన్నారు. అయినా కేసరి వేయలేదు. వార్త రాయకపోవడం ఒక ఎత్తు, డబ్బిస్తామన్నా నాలుగు లైన్లు వేయకపోవడం ఇంకో ఎత్తు. ఆ దెబ్బ ఆయన మర్చిపోలేదు, ఏళ్ల తర్వాత తన పత్రికలో దాని గురించి రాశారు.

ఆ జులైలోనే మిగిలిన చదువు కోసం ఆయన మళ్లీ లండన్ ఓడెక్కారు. మనిషి దూరమయ్యాక ఇక్కడ పత్రిక కుంటుకుంటూ నడిచి 1923లో ఆగిపోయింది.

1927 మార్చిలో మహాడ్ చెరువు నీళ్లు తాగే పోరాటం జరిగింది. చెరువు దగ్గర్నుంచి వచ్చినవాళ్ల మీద దాడి చేశారు, తర్వాత చెరువును శుద్ధి చేశారు. ఇక ఊరుకుంటే తమ కథ కూడా కొట్టినవాళ్లే చెప్తారు. ఏప్రిల్ 3న బహిష్కృత్ భారత్ తెచ్చారు, ఈసారి తన పేరుతోనే. జీతం లేదు, సహాయకుల్ని పెట్టుకునే స్తోమత లేదు. సంచికలో 24 కాలమ్‌లుంటే దాదాపు అన్నీ ఒక్కడే కూర్చుని నింపేవారు. చదవనొచ్చిన జనం తక్కువ, చందా కట్టగలిగినవాళ్లు ఇంకా తక్కువ. అప్పులయ్యాయి. 1929లో అదీ ఆగింది.

మళ్లీ ఏడాదికి, 1930లో, జనతా. ఇది మాత్రం నిలబడింది. 1956 ఫిబ్రవరిలో దాని పేరు ప్రబుద్ధ భారత్‌గా మార్చారు. అప్పటికే ఆరోగ్యం బాగా దెబ్బతింది. అదే ఏడాది డిసెంబరు 6న ఢిల్లీలో కన్నుమూశారు. పత్రిక ఆ తర్వాత కూడా కొన్నేళ్లు వచ్చింది.