వడ్లవాడైన యోసేపు

రోమన్ కథోలిక సంఘము 1955 నుండి మే 1వ తేదీని కార్మికుడైన యోసేపు పండుగగా ఆచరించుచున్నది. మనకు ఆ పండుగ లేదు. అయినను బొగ్గుగనులలో పైకప్పు కూలకుండ కర్ర ఊతలు నిలిపిన కుటుంబములున్న ఈ మంచిర్యాల ప్రాంతములో ఆయనను గూర్చి వ్రాయుట తగునని తలచితిమి.

సువార్తలలో యోసేపు పలికిన మాట ఒక్కటియు లేదు. గ్రీకులో ఆయన వృత్తికి వాడిన పదము టెక్టోన్. కర్రపనివానికే గాక ఇల్లు కట్టువానికిని అదే పేరు. నజరేతుకు సుమారు 6 కిలోమీటర్ల దూరాన అంతిప కట్టించిన సెప్పోరిసులో కూడ ఆయన పనిచేసెనని కొందరు పండితుల ఊహ. ఊహయే గాని లేఖనము కాదు.

మరియ గర్భవతియని తెలిసినప్పుడు ఆమెను బజారుకీడ్చుట ఆయనకు కష్టము కాదు. మనలో ఎందరము అట్టివేళ నోరు మూసుకొందుము? రహస్యముగా విడనాడనెంచి, దూత మాట విని ఆమెను చేర్చుకొనెను. దేవాలయములో గొఱ్ఱెపిల్లకు బదులు పక్షులజత అర్పించిరి. లేవీయకాండము 12వ అధ్యాయము ప్రకారము అది బీదల అర్పణ. చేతిలో పనియున్నను పైకము లేదన్నమాట.

పిమ్మట హేరోదు భయముచేత రాత్రివేళ తల్లిని బిడ్డను తీసుకొని ఐగుప్తునకు పోయెను. పని ఇచ్చు ఇండ్లు, ఎరిగిన ముఖములు లేని పరాయిదేశము. కూలికై ఊరు విడిచి గనులకు వచ్చిన మన పెద్దలకు ఆ బాధ తెలియును.

హేరోదు క్రీ.పూ. 4లో మరణించిన తరువాత నజరేతు చేరెను. కుమారునికి తన పని నేర్పెను గనుకనే మార్కు 6లో యేసే వడ్లవాడని పిలువబడెను. 12 ఏండ్ల బాలుని 3 దినములు వెదకిన తండ్రిగా యోసేపు చివరిసారి కనబడును. సిలువయొద్ద ఆయన లేడు. అప్పటికే మరణించెనని మా అభిప్రాయము. బ్రదికియుండిన యెడల యేసు తన తల్లిని శిష్యునికి అప్పగింపనక్కరలేదు.